లిఫ్టులో మూడో మనిషి

మే నెల చివర్లో శివశంకర్ వేరుశనగ కాయల మూటలు వసారాలో దింపించాడు. శివశంకర్ నా చెల్లెలు వీణ భర్త. ఎమ్మిగనూరు ఊరి చివర, ఆదోని రోడ్డు పక్కన వాళ్ళ ఇల్లు. ఇంటి వెనక నుంచే మెట్ట చేను మొదలవుతుంది. ఏటా తొలకరికి ముందు విత్తనం కోసం కాయలు ఒలిపిస్తాడు. మిషన్‌కు వేస్తే తొందరగా అయిపోతుంది గాని పప్పు చీలుతుంది. చీలిన పప్పు మొలవదు. అందుకని చేతులతోనే.

నేను ఆదోనిలో హైస్కూలు టీచర్ని. లెక్కలు చెబుతాను. సెలవులు ఇవ్వగానే బస్సెక్కి ఇక్కడికి వచ్చాను. రమ్మని ఎవరూ అడగలేదు. వీణ జనవరిలో పోయింది. జ్వరమని ముందు ఊళ్ళోనే చూపించాం, తర్వాత కర్నూలు తీసుకుపోయాం. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఆ తర్వాత నేను బడికి వెళ్ళాను, పాఠాలు చెప్పాను, పరీక్ష పేపర్లు దిద్దాను. మార్కులు కూడడంలో ఒక్క పొరపాటు కూడా రాలేదు. ధైర్యమున్న మనిషినని తోటి టీచర్లు అన్నారు. ధైర్యం కాదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు దాని మీద ఏం పడినా తెలియదు. అలా ఉండేది.

కాయలు ఒలవడానికి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ప్రతి ఏడూ వచ్చేవాళ్ళే. అందరిలోకి పెద్దది హుసేనమ్మ. ఆమె పక్కింటి భీమక్కకు నోరు ఊరుకోదు. మూడోది రూత్, ఇంటర్ వరకు చదివి ఆపేసిన పిల్ల. ముగ్గురూ మూటల చుట్టూ కూర్చున్నారు. హుసేనమ్మ మళ్ళీ లేచి, గోడకు తగిలించిన చేట తీసి, దులిపి, స్తంభం పక్కన ఖాళీగా పెట్టింది.

"అది ఎందుకు?" అన్నాను.

"సదివేవాళ్ళదమ్మా అది," అంది. "మీ చెల్లెలు ఆడ కూసునేది."

వీణ వాళ్ళకు నవలలు చదివి వినిపించేదని నాకు తెలుసు. ఆ నవలలు తెచ్చిచ్చేది నేనే. ఆదోని బస్టాండు దగ్గర తోపుడుబండి మీద పాత పుస్తకాలు అమ్ముతారు. అక్కడ అట్ట చూసి కొనేదాన్ని. ఎత్తైన మేడలు, కాఫీ కప్పు, గొడుగు కింద ఇద్దరు మనుషులు ఉంటే చాలు. వీణ ఎప్పుడూ ఒక్కటే చెప్పేది: "ఊరు పెద్దదై ఉండల్ల, కష్టాలు చిన్నవై ఉండల్ల. అట్లాంటిది తేక్కా." అదేం కోరికే అని ఒకసారి నవ్వాను. "పెద్ద కష్టాలు ఈడనే దొరుకుతాయి గదక్కా. దానికి పుస్తకం ఎందుకు కొనల్ల?" అంది.

కాని చేట సంగతి నాకు తెలియదు. భీమక్క చెప్పింది. ఒలిచేటప్పుడు చేతిలో చీలిపోయినవి, పొట్టు ఊడినవి విత్తనానికి పనికిరావు. అందరూ వాటిని వీణ చేటలో వేసేవాళ్ళు. కాయలన్నీ అయిపోయిన రోజు వీణ వాటికి బెల్లం పాకం పట్టి, ఉండలు చేసి పంచేది.

"కత బాగున్న పొద్దు బద్దలు శానా పడేవి," అంది భీమక్క. "సేతులు ఆగవు గదమ్మా. ఏమవుతాదో ఏమవుతాదో అని నొక్కేస్తిమి. మీ మరిది వచ్చి కొట్లాడేవాడు, కత తగ్గియ్యండి, ఇత్తనం పోతాంది అని."

హుసేనమ్మ నా వైపు చూడకుండా అడిగింది. "పోయినేడు కత సగంలో నిల్సిపోయిందమ్మా. వాన వచ్చె. అందరం సేనికి పరిగెత్తితిమి. తర్వాత ఎన్నిసార్లు అడిగినా సెప్పలేదు, మళ్ళీ కాయలొచ్చినప్పుడే అనె. ఇప్పుడు కాయలొచ్చినాయి."

తొలకరి పడితే మళ్ళీ ఎవరి చేనికి వాళ్ళు వెళ్ళిపోతారు. వచ్చే ఏడు ఈ వసారాలో ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. లోపలికి వెళ్ళాను. పుస్తకం అలమరలో చీరల పక్కన ఉంది. పేజీకి గుర్తుగా వేరుశనగ తొక్క పెట్టి ఉంది. ఆ పేజీ నుంచి చివరికి ఎంతో లేదు. వీణ మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలిన పని ఇంట్లో ఇదొక్కటే. ఇది చేయగలననిపించింది. చదవడమే కదా.

"ముందు కథ చెప్పండి," అన్నాను కూర్చుంటూ.

భీమక్క సర్దుకుంది. "బెంగళూరు. పెద్ద అపార్ట్‌మెంటు. పదకొండో అంతస్తులో తన్వి అని పాప. దాని పైన రిషి అని పిల్లోడు. వాడు గుడ్డలారేస్తే నీళ్ళు కారి ఈ పాప కాఫీలో పడె. ఆడ మొదలాయ కొట్లాట."

"కొట్లాట గాదు, లవ్వు," అంది రూత్.

"నీ కాఫీలో ఎవడన్నా గుడ్డల నీళ్ళు పోస్తే నువ్వు లవ్వు జేస్తావా?"

"పోసేవాడెట్లుండాడో సూడల్ల గదా."

"సూడు సూడు, మీ నాయనకు సెప్తా." భీమక్క నా వైపు తిరిగింది. "ఇప్పుడు ఆ పాపకు ముంబయిలో ఉద్యోగమొచ్చె. పెట్టె సర్దుకొని పోతాంది. వీడు మాట్లాడల్లని లిఫ్టులోకి దూరినాడు. ఈరమ్మ గూడా ఆడనే ఉండె, బకెట్టు పట్టుకొని. కరెంటు పోయె. లిఫ్టు నడుమ నిల్సె. అంతలో వాన వచ్చె."

"లిఫ్టులోనా?"

"మనకమ్మా!"

ముగ్గురూ నవ్వారు. ఈరమ్మ ఎవరని నేను అడగలేదు. నవలలో పనిమనిషి అయి ఉంటుందనుకున్నాను.

చదవడం మొదలుపెట్టాను. క్లాసులో లెక్కను చదివి వినిపించినట్టు, ఒక్కో మాట స్పష్టంగా. చీకట్లో తన్వికి భయం వేసింది. రిషి సెల్‌ఫోన్ లైటు వేశాడు. ముంబయి సముద్రం చూడాలని తనకెప్పుడూ లేదని ఆమె ఒప్పుకుంది. కాఫీలో నీళ్ళు రెండోసారి కావాలనే పడేశానని అతనూ ఒప్పుకున్నాడు. కరెంటు వచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకుంది. తన్వి బయటికి వచ్చింది. వెనకే రిషి వచ్చాడు. అధ్యాయం అయిపోయింది. పేజీ తిప్పాను.

"ఉండమ్మా ఉండు," అంది భీమక్క. "ఈరమ్మ బయటికి రాలేదే?"

వెనక్కి తిప్పి చూశాను. "ఈరమ్మ లేదు ఇక్కడ."

"లేకపోతే యాడికి పోతాది? ముగ్గురు గదా లిఫ్టులో."

"పుస్తకంలో ఇద్దరే ఉన్నారు."

రూత్ చేతులు తుడుచుకొని పుస్తకం అడిగి తీసుకుంది. ముందు నుంచి పేజీలు తిప్పింది. కాఫీ దగ్గర, మేడ మీద, సంతకు వెళ్ళిన దగ్గర, రిషికి జ్వరం వచ్చిన దగ్గర ఆగి ఆగి చూసింది. ఎంతసేపు వెతికినా ఈరమ్మ దొరకలేదు. పుస్తకం నా ఒళ్ళో పెట్టి, "యాడా లేదు మేడమ్," అంది మెల్లగా.

"పోయినేడంతా ఉండె గదే!" అంది భీమక్క. "వీణమ్మ సదివె, మనం వింటిమి."

"సదవలేదత్తా. సెప్పింది."

భీమక్క, రూత్ మళ్ళీ కాయలు అందుకున్నారు. హుసేనమ్మ చేతులు మాత్రం ఆగిపోయాయి.

"పదకొండంతస్తులు ఇసుక మోసింది నేను," అంది. "బెంగళూరుకు సుగ్గికి పోయినప్పుడు." ఈ వైపు పల్లెల్లో వానలు లేని నెలల్లో కూలికి ఊరు విడిచి పోవడాన్ని సుగ్గి అంటారు. "అప్పుడింకా లిఫ్టు పెట్టలేదు. మెట్లే. ఏడో అంతస్తులో గాలొస్తాది, ఆడ గంప దించి కూసుంటాంటిమి. ఇల్లు అయిపోయినాక వాచ్‌మెన్ లోపలికి రానియ్యలేదు. మేం కట్టిన దాంట్లో ఎవరుండారో, ఏం తింటాండారో, ఎట్ల నగుతాండారో యానాడూ జూల్లేదు. ఈ కతలో జూసినట్టుండె. ఈరమ్మ గూడా ఏడో అంతస్తులో కూసునేది. ఇది ఎట్ల తెల్సెరా వాళ్ళకు అనుకుంటి. బెంగళూరులో నాలాంటి వాళ్ళు శానామంది గదా, ఎవరినో జూసి రాసింటారులే అనుకుంటి."

పుస్తకం వైపు ఒకసారి చూసింది.

"రాయలేదన్నమాట," అంది. ఒళ్ళోని తొక్కలు దులుపుకొని లేచింది. "ఈ పొద్దుకు సాల్లేమ్మా."

సాయంత్రం శివశంకర్ వచ్చి పప్పు కొలిచాడు. గుప్పెట్లోకి తీసుకొని వేళ్ళ మధ్య దొర్లించి చూశాడు. ఒక్కటి కూడా చీలలేదు. "ఇంత మంచి విత్తనం ఎప్పుడూ రాలేదొదినా," అన్నాడు. మెచ్చుకున్నట్టు లేదు. స్తంభం పక్కన ఉన్న చేటను చూశాడు. అందులో ఏమీ లేదు. దాన్ని తీసి గోడకు తగిలించి లోపలికి వెళ్ళాడు.

మర్నాడు హుసేనమ్మ రాలేదు. ఎవరి చేలోనో కంప కొట్టే పనికి వెళ్ళిందని రూత్ చెప్పింది. నేను పుస్తకం తీయలేదు. వాళ్ళతో పాటు కాయలు ఒలిచాను. అలవాటు లేక గోళ్ళ కింద మంట పుట్టింది. అది తెలుస్తున్నందుకు కొంచెం ఆశ్చర్యం వేసింది.

"ఈరమ్మ ఎట్లుండేదో సెప్పల్లా మేడమ్?" అంది రూత్.

చెప్పమన్నాను. పొద్దంతా చెబుతూనే ఉన్నారు, ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ. ఈరమ్మది కోసిగి దగ్గర పల్లె. ఆ అపార్ట్‌మెంటు కట్టడానికి వెళ్ళి, అక్కడే ఇళ్ళు తుడవడానికి ఉండిపోయింది. తన్వి ఇచ్చిన కాఫీ తాగి, "ఇది కాఫీనా, యాపాకు కసాయమా?" అని చక్కెర డబ్బా సగం ఒంపుకుంది. తన్వీ రిషీ మాట్లాడుకోని రోజుల్లో బొరుగులు తాలింపేసి ఉగ్గాని చేసి, ఉగ్గాని పదకొండులో పెట్టి బజ్జీలు పన్నెండులో పెట్టి వచ్చింది. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే తప్ప తినలేరు.

"బజ్జీ లేని ఉగ్గాని ఎవరు తింటారమ్మా?" అంది భీమక్క. "వాడే దిగొచ్చె కిందికి, ప్లేటు పట్టుకొని!"

పుస్తకంలో ఆ చోట వాళ్ళిద్దరూ ఏదో ఇటాలియన్ హోటల్లో కలుసుకుంటారు. నాకు వీణ గొంతు వినపడింది అనను. వినపడలేదు. కాని బజ్జీలు వేరుగా పెట్టడం వీణ పనే. చిన్నప్పుడు మా ఇద్దరికీ మాటలు లేనప్పుడు నా పలకను తను దాచి, బలపం నా దగ్గర ఉంచేది.

"ఈరమ్మ యానాడూ లిఫ్టు ఎక్కలేదు మేడమ్," అంది రూత్. "భయం. మెట్లే. ఆ పొద్దు మాత్రం ఊరి నుంచి ఫోనొచ్చె, వాన పడింది, ఇత్తనమెయ్యల్ల రమ్మని. బిరబిరా దిగల్లని ఎక్కె. మొదటిసారి ఎక్కె. అప్పుడే అది నిల్సిపోయె."

ఆ తర్వాత ఏం చెప్పాలనుకుందో వీణ ఎక్కడైనా రాసుకుందేమోనని చూశాను. రాసే అలవాటు తనకు లేదు. శివశంకర్‌ను అడిగాను. "నాకు ఉండలు పెట్టేది గాని కత సెప్పేది కాదు," అన్నాడు.

ఇక తేలింది ఇంతే. పుస్తకం ప్రకారం చదివితే తన్వి పెళ్ళి అవుతుంది, ఒక మనిషి లిఫ్టులోనే ఉండిపోతుంది. ఆమెను బయటికి తేవాలంటే పుస్తకంలో లేని మాట నేను చెప్పాలి. కల్పించడం నాకు చేతకాదు. లెక్క తెలియకపోతే తెలియదనే పిల్లలకు చెబుతాను.

రూత్ వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వెళ్ళి, "లిఫ్టు తలుపు మళ్ళీ తెరుస్తానని హుసేనమ్మకు చెప్పు," అన్నాను.

మరుసటి రోజు హుసేనమ్మ వచ్చింది. కొంచెం ఎడంగా కూర్చొని మూట విప్పుకుంది. నన్ను పలకరించలేదు. గోడ మీది చేట నేనే తీసి స్తంభం పక్కన పెట్టుకున్నాను. మిగిలిన కాయలు ఒక మూటన్నర. ఆకాశంలో ఒక వైపు మబ్బు ఉంది.

పుస్తకం తెరిచి చదివాను. కరెంటు వచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకుంది. తన్వి బయటికి వచ్చింది. వెనకే రిషి వచ్చాడు. అచ్చు అక్కడితో ఆగిపోయింది. కింద తెల్ల కాగితం. నేను తలెత్తలేదు.

"ఈరమ్మ రాలేదు," అని చదివాను.

భీమక్క చేయి ఆగింది. "ఏంటికి రాలేదు?"

ఏమీ తోచలేదు. చివరికి నాకు తెలిసిన సంగతి ఒక్కటే నోటికి వచ్చింది. "మూల కూర్చుండిపోయింది. చీకట్లో అంతసేపు గొంతుక్కూర్చుంది కదా. కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేవాలని ఉంది, లేవలేకపోతోంది."

చెప్పింది తప్పేమో అనుకున్నాను.

"తిమ్మిరెక్కితే ఎంటనే లెయ్యగూడదు," అంది హుసేనమ్మ. కాయల మీది నుంచి కళ్ళు తిప్పలేదు. "పడతారు. కొంచేపు అట్లనే ఉండల్ల."

"ఉమ్మి పూయల్ల మోకాలికి," అంది భీమక్క.

"బెంగళూరు లిఫ్టులో ఉమ్మి పూస్తే ఫైనేస్తారత్తా," అంది రూత్.

"ఈరమ్మకు ఏసేవాడెవడే? పుట్టినాడా?"

"తన్వి వెనక్కి వచ్చింది," అన్నాను. "లిఫ్టులోనే ఆమె పక్కన కూర్చుంది. పెట్టె బయటే వదిలేసింది."

"మరి తలుపు మూసుకుంటాది గదా మేడమ్, ఆటోమేటిక్ అది."

అది నేను ఆలోచించలేదు. "రిషి పట్టుకున్నాడు."

"పట్టుకోవడమేంటికి?" అంది హుసేనమ్మ. ఈసారి నన్నే చూసింది. "బకెట్టుండాది గదా ఈరమ్మ సేతిలో. దాన్ని అడ్డం పెట్టల్ల."

"బకెట్టు అడ్డం పెట్టాడు," అన్నాను. "తలుపు మూసుకోబోయి, బకెట్టుకు తగిలి, మళ్ళీ తెరుచుకుంటోంది. మళ్ళీ మూసుకోబోయి మళ్ళీ తెరుచుకుంటోంది."

భీమక్క పెద్దగా నవ్వింది. ఆ నవ్వులో ఆమె చేతిలో ఏదో టపుక్కున చీలింది. చూసుకోకుండానే నా చేటలో విసిరింది.

"కాలు తేరుకునేదాకా ఇద్దరూ కదల్లేదు. ముంబయి రైలు టైమైపోయింది. తన్వి టైము చూసుకోలేదు."

"అట్లనా," అంది రూత్, చాలా తృప్తిగా. "అయితే పోలేదన్నమాట."

"ఈరమ్మ సంగతి సెప్పమ్మా," అంది హుసేనమ్మ. "తర్వాత మెట్ల మీద దిగిందా, దాంట్లోనే దిగిందా?"

ఇది నేను చెప్పకూడదనిపించింది. "నువ్వయితే?"

ఆమె చేతిలోని కాయను నొక్కకుండా పట్టుకొని చాలాసేపు ఆలోచించింది. "దాంట్లోనే," అంది. "భయమే గానీ, టైమైపోతాంది గదా. ఇత్తనం. పదును ఆరిపోతే ఏం జేస్తావ్? కండ్లు మూసుకొని దిగింటాది."

"కళ్ళు మూసుకొని దిగింది. బస్సెక్కింది. తెల్లారేసరికి ఎమ్మిగనూరు."

"ఎమ్మిగనూరు ఏంటికి? కోసిగి గదా దానిది?"

"ఎమ్మిగనూరులో దిగి ఆటో మారల్ల గదత్తా," అంది రూత్.

"పోయేసరికి సేనులో పదునుండెనా?" హుసేనమ్మ అడిగింది.

అప్పుడు చూసుకుంటే నా ఒళ్ళో పుస్తకం మూసి ఉంది. ఎప్పుడు మూశానో తెలియదు.

"ఉంది," అన్నాను. "పైన ఆరినట్టుంది గాని, వేలు పెట్టి చూస్తే లోపల తడి ఉంది."

హుసేనమ్మ తల ఊపింది. చేతిలోని కాయను నొక్కింది. గట్టిగా నొక్కినట్టుంది, పప్పు రెండు ముక్కలైంది. లేచి వచ్చి ఆ రెండు బద్దలూ చేటలో వేసి, ఈసారి దగ్గరగా కూర్చుంది.

చివరి అధ్యాయం ఉన్నది ఉన్నట్టే చదివాను. మేడ మీద పెళ్ళి, చుట్టూ దీపాలు, కింద ఊరంతా వెలుగు. భీమక్క నడుమ నడుమ ఈరమ్మను ఫోన్లో మాట్లాడించింది. విత్తనం పని ఉంది, రాలేననింది ఈరమ్మ. తాను కట్టిన మేడే కదా, ఎట్లుంటుందో తెలుసులే అనింది. పుస్తకం అయిపోయింది. వాన ఆ రోజు రాలేదు, మబ్బు ఆలూరు వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రం శివశంకర్ పప్పు కొలవడానికి వచ్చాడు. చేట దగ్గర ఆగిపోయాడు. సగానికి పైగా నిండి ఉంది.

"ఈ పొద్దు ఇన్ని బద్దలేంది?" అన్నాడు.

"లిఫ్టు తెరిసినారప్పా," అంది భీమక్క. "మేమేం జెయ్యల్ల?"

అతను కొట్లాడలేదు. వంగి ఒక బద్ద తీసుకొని నోట్లో వేసుకున్నాడు. నములుతూ కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత కొలపాత్ర తేవడానికని లోపలికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు.

"పాకం పట్టను వస్తాదామ్మా నీకు?" అని అడిగింది భీమక్క.

"రాదు."

"పొయ్యి అంటించు, నేను పడతా. నువ్వు పక్కన నిలబడి సూడు."

వాళ్ళు ముగ్గురూ తొక్కలు ఊడ్చి, చేట ఎత్తుకొని వంటింటి వైపు వెళ్ళారు. నేను లేవబోయాను. పొద్దుటి నుంచి మడిచి కూర్చున్న కాలు మొద్దుబారిపోయింది. లోపలి నుంచి భీమక్క పిలుస్తోంది, బెల్లం ఎక్కడ పెట్టారని. వీణ ఎక్కడ పెట్టేదో నాకు తెలుసు. వస్తున్నానని చెప్పి, లేవకుండా, స్తంభానికి ఆనుకొని ఇంకాసేపు కూర్చున్నాను. మడమ దగ్గర మొదట సూదులు గుచ్చినట్టయింది.